ఫోన్ చెప్పే వైద్యం ఎంతవరకు?

పేద రోగిని కృత్రిమ మేధ చాట్‌బాట్ దగ్గరికి నడిపించేది ముందుగా ఓపీ ఖర్చు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై నేడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకం ప్రధానంగా ఆస్పత్రిలో చేరినవారికి అండ. జ్వరానికో నడుంనొప్పికో ప్రైవేటు క్లినిక్ మెట్లెక్కితే ఫీజు, పరీక్షలు, మాత్రలు అన్నీ చేతిడబ్బే. సరిహద్దులోని గుడుపల్లె, కుప్పం ప్రాంతం నుంచి రైలెక్కి బెంగళూరు పనులకు పోయేవారికి ప్రభుత్వాసుపత్రి ఉచితమే అయినా ఆ రోజు కూలి పోయినట్టే. ఫోన్ మాత్రం అర్ధరాత్రి అడిగినా పలుకుతుంది.

ఈ సీమకు సాంకేతిక ప్రయోగాలు కొత్త కావు. 2002లో హెచ్‌పీ సంస్థ ఐ-కమ్యూనిటీ పేరిట కుప్పంలో సమాచార కేంద్రాలు పెట్టి, కొన్నేళ్లకు తప్పుకుంది. 2025 జూలైలో టాటాల సహకారంతో కుప్పం ఏరియా ఆస్పత్రిలో రోగులను ఆన్‌లైన్‌లో డాక్టర్లతో కలిపే డిజిటల్ నెర్వ్ సెంటర్ మొదలైంది. దాని వెనుక ఆస్పత్రి ఉంది, డాక్టర్ ఉన్నాడు. చాట్‌బాట్ వెనుక రోగికి జవాబుదారీ ఎవరూ లేరు.

అసలు చిక్కు అడగడంలో ఉంది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రిటన్‌లో 1,298 మందితో ఒక ప్రయోగం చేశారు. కేసు వివరాలన్నీ నేరుగా ఇస్తే కృత్రిమ మేధ యంత్రాలు దాదాపు 95 శాతం సందర్భాల్లో సంబంధిత జబ్బును పట్టుకున్నాయి. అవే యంత్రాలను మామూలు మనుషులు వాడితే ఆ లెక్క 35 శాతం లోపే. ఏది చెప్పాలో రోగికి తెలియదు మరి. 'గ్యాస్ పట్టింది, ఏం చేయాలి' అని అడిగినవారికి జీలకర్ర నీళ్ల చిట్కా రావచ్చు. చెమటలు పట్టాయా, ఎడమచేయి లాగుతోందా, షుగర్ ఎన్నేళ్లుగా ఉందని ఆరా తీసే డాక్టరైతే ముందు ఈసీజీ తీయిస్తాడు. ఇంగ్లిష్ చదివిన బ్రిటన్ వాసులకే ఇంత తడబాటు ఉంటే, తెలుగూ తమిళమూ కన్నడమూ కలగలిసిన సరిహద్దు పల్లెలో ఎంత ఉంటుందో ఊహించవచ్చు.

అలాగని వద్దనడమూ అన్యాయమే. ఇంగ్లిష్‌లో ఉన్న డిశ్చార్జి సమ్మరీని ఫొటో తీసి పెడితే, '1-0-1' అంటే పొద్దున ఒకటి, రాత్రి ఒకటని చాట్‌బాట్ తెలుగులో చెప్పగలదు. రెండు నిమిషాల్లో ఓపీ ముగించే డాక్టర్ చాలాసార్లు చెప్పనిది అదే. డాక్టర్ చూశాక అర్థం చేసుకోవడానికి వాడితే మేలు, డాక్టర్‌కు బదులుగా వాడితే ప్రమాదం.

2020 మార్చిలో మన దేశంలో వచ్చిన టెలీమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం కృత్రిమ మేధ వేదికలు రోగికి సలహా ఇవ్వకూడదు, మందులు రాయకూడదు. కంపెనీలు మాత్రం 'ఇది వైద్య సలహా కాదు' అన్న ఒక్క వాక్యంతో పక్కకు తప్పుకుంటున్నాయి. కట్టడి ఆ కంపెనీల మీద ఉండాలి. ఊళ్లో ఏఎన్ఎం, ఆశా కార్యకర్తలకు చాట్‌బాట్‌ల వాడకంపై శిక్షణ ఇవ్వాలి, ప్రభుత్వ టెలీమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో ఉచితంగా డాక్టర్‌తో మాట్లాడవచ్చని ఇంటింటికీ చెప్పాలి. ఇక ఛాతీనొప్పి, ఆయాసం, పాముకాటు, గర్భిణికి రక్తస్రావం వంటివాటికి ఫోన్ తీయాల్సింది 108కి చేయడానికే.