ఘోటుల్‌పై తీర్పు చెప్పుటకు ముందు



సంపాదకమహాశయా, మీ పత్రిక గత సంచికలో ఒక పాఠకమహాశయుడు బస్తరు ప్రాంతపు మురియా గోండుల యువతీయువకులు రాత్రులు కూడియుండు ఘోటుల్‌ను అనాచారమని నిందించి, అది మూతపడుటయే ఆ జాతికి శ్రేయస్కరమని వ్రాసియున్నారు. జగదల్‌పూర్‌లో చిరకాలముగా కాపురముండు తెలుగువాడనగుటచే ఊరకుండలేక ఈ లేఖ వ్రాయుచున్నాను.

పరుల జీవితమును తన నీతితో కొలిచి తీర్పు చెప్పుట క్రొత్త కాదు. తమ నీతియే నీతియని శాసించిన మతాధికారులకు ఎదురు నిలిచినవారనగానే, 1635లో మసాచుసెట్స్ ప్యూరిటనులచే బహిష్కృతుడైన రోజర్ విలియమ్స్, 1660లో బోస్టనున ఉరికంబమెక్కిన క్వేకరు మతస్థురాలు మేరీ డయ్యర్ చదువుకొన్నవారికి స్ఫురింతురు. అట్టివాడొకడు మన బస్తరు అడవులలోనే సంచరించెను. బిషపు కుమారుడై పుట్టి, ఆక్స్‌ఫర్డున చదివి, ఆంగ్లికన్ పురోహితుడై 1927లో ఈ దేశమునకు వచ్చిన వెరియర్ ఎల్విన్, గాంధీజీ పక్షము వహించి, బ్రిటిషు ప్రభుత్వమునకు విధేయతాప్రమాణము చేయనొల్లకపోగా, నాగపురపు బిషపు ఆయనకు పౌరోహిత్యపు అనుమతి నిరాకరించెను. మతము మార్పింపక, కేవలము సేవకై గోండుల నడుమ కుటీరము వేసికొన్న ఆ మనుష్యుడు తుదకు 1935లో, విలియమ్స్ బహిష్కారమునకు సరిగా మూడువందల యేండ్లకు, చర్చినే విడిచెను.

ఆయనయే 1947లో ఘోటుల్‌ను గూర్చి బృహద్గ్రంథము ప్రకటించెను. ఘోటుల్‌ను నెలకొల్పినవాడు లింగో పెన్ అను దేవుడని మురియాల విశ్వాసము. కనుక ఘోటుల్‌ను దూషించుట వారి మతమును దూషించుటయే. ప్రొద్దు గ్రుంకగానే చెలిక్‌లనబడు యువకులు నెగడునకు కట్టెలు మోసికొని వచ్చుటయు, మోటియారీలనబడు యువతులు ముంగిలి ఊడ్చుటయు, పని తప్పినవారికి తోడివారే జరిమానా విధించుటయు, చెలిక్ ఓపికతో పువ్వులు, గీతలు చెక్కి యిచ్చిన కొయ్యదువ్వెనను మోటియారి తన కొప్పున తురుముకొనుటయు ఎల్విన్ అచ్చట చూచిన నిత్యకృత్యములు. యువతీయువకులు రాత్రి యొకచో నుందురనుటయే అభ్యంతరమగుచో, ఘోటుల్‌లో పెరిగినవారి వివాహములు చెడుట అరుదని ఎల్విన్ లెక్కగట్టి చూపిన సంగతినిగూడ ఆ మహాశయుడు విచారింపవలసియుండెను.

ఎల్విన్ నిర్దోషియని నేననను. ఆయన గోండు యువతిని వివాహమాడి, పిమ్మట విడాకులిచ్చిన సంగతి నాకు నేటికిని బాధాకరమే. అయినను, తన పదవిని, తన సంఘమును వదలుకొని వచ్చి, ఏండ్లతరబడి గ్రామగ్రామము తిరిగి చూచి వ్రాసినవాని సాక్ష్యమును, వినికిడిమాత్రమున వ్రాసిన నిందతో సమముగా తూచుట న్యాయము కాదు.

నా మనవి యొక్కటి. ఘోటుల్‌లో పెరిగిన వృద్ధులు కొండగావ్, నారాయణపూర్ పల్లెలలో నేటికిని ఉన్నారు. హల్బీ, గోండీ, తెలుగు మూడును వచ్చినవారు మా ప్రాంతమున కొదువ లేరు. ఒక విలేఖరిని పంపి, ఆ వృద్ధుల మాటలను వారు చెప్పినవి చెప్పినట్లు తెలుగున ప్రకటింపుడు. అంతవరకు ఈ విషయమున తీర్పులు ప్రచురింపవలదని ప్రార్థించుచున్నాను.

ఇట్లు,
జగదల్‌పూర్ పాఠకుడొకడు