పదును ఖరీదెంత?

మంగలి కత్తితో ఇంట్లోనే గడ్డం గీసుకోవాలన్న సరదా ఈమధ్య మా వయసు కుర్రాళ్లలో మళ్లీ కనిపిస్తోంది. కొందరికి అటక మీద తాతగారి పెట్టెలో పాత కత్తి దొరుకుతుంది. కొందరు ఆన్‌లైన్‌లో షెఫీల్డ్‌దో, సోలింగెన్‌దో సెకండ్ హ్యాండ్ కత్తి తెప్పించుకుంటారు. అక్కడిదాకా బాగానే ఉంటుంది. పర్సు ఖాళీ అయ్యేది దాన్ని నూరే రాయి దగ్గర. జపాన్ నుంచి వచ్చే 12000 గ్రిట్ రాయి, బెల్జియంలో తవ్వి తీసే కోటిక్యూల్ రాయి... ఏది ముట్టుకున్నా వేలల్లో మాట. పైగా ఒక్కటి చాలదు, మూడు నాలుగు కావాలంటారు. దాంతో కత్తి మళ్లీ అటకెక్కుతుంది.

నిజంగా అంత ఖర్చు ఉందా? లేదు. అదెలాగో చూద్దాం.

ముందు కత్తి సంగతి. వంటింటి కత్తి నూరేటప్పుడు ఏ కోణంలో పట్టుకోవాలన్నదే పెద్ద తలనొప్పి. క్షవరం కత్తికి ఆ బాధ లేదు. దాని వీపు, వాదర రెండూ ఒకేసారి రాయిని తాకేలా పడుకోబెట్టి నూరతారు. వీపు మందం 5 మిల్లీమీటర్లు, అక్కడి నుంచి వాదర దాకా వెడల్పు 17 మిల్లీమీటర్లు ఉంటే, వాదర దగ్గర కోణం దాదాపు 17 డిగ్రీలు వస్తుంది. అంటే కోణం కత్తిలోనే ఉంది. రాయి చేయాల్సిన పనులు రెండే: పూర్తి మట్టంగా ఉండటం, సన్నగా అరగదీయడం. మనం డబ్బు పెట్టాల్సింది ఈ రెండిటికే.

ఇక గ్రిట్ నంబర్లు. ఇక్కడే చాలామంది బోల్తా పడతారు. జపాన్ రాళ్ల మీద ఉండే నంబరు వేరు, హార్డ్‌వేర్ షాపులో వాటర్ పేపర్ వెనకాల పి అక్షరంతో ఉండే నంబరు వేరు. పి2000 పేపర్ రేణువు సుమారు 10 మైక్రాన్లు. అది జపాన్ లెక్కలో 1000కి దగ్గరగా ఉంటుంది, 2000కి కాదు. జపాన్ 8000 రాయి రేణువు ఒకటి రెండు మైక్రాన్ల మధ్య ఉంటుంది. స్పెక్స్ చూడకుండా డబ్బా మీద బొమ్మ చూసి ఫోన్ కొంటామా? ఇదీ అంతే. నంబరు పక్కన పెట్టి, ఎన్ని మైక్రాన్లో అడగండి. తయారీదారు పేరు లేకుండా చవగ్గా దొరికే ‘10000 గ్రిట్’ రాళ్ల మీద ఆ వివరమే ఉండదు. వాటి జోలికి పోకండి.

వీధి చివర షాపులో దొరికే రెండు వైపుల కార్బొరండం రాయి కూడా దీనికి పనికిరాదు. కొడవలికి, కూరగాయల కత్తికి అది బంగారం. క్షవరం కత్తి వాదరను మాత్రం రంపం చేసి పెడుతుంది.

మరి ఏం కొనాలి? ముందు గ్రానైట్ షాపుకెళ్లండి. చీమకుర్తి నల్ల గ్రానైట్ పాలిష్ చేసినదైతే మరీ మంచిది. కిచెన్ గట్టు కోయగా మిగిలిన ముక్కలు అక్కడ మూల పడి ఉంటాయి. ఎనిమిది అంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు ఉన్న ముక్క అడిగి తెచ్చుకోండి. స్టీలు స్కేలు అంచు దాని మీద నిలబెట్టి వెనక నుంచి టార్చి వేయండి. సందులోంచి వెలుతురు రాకపోతే అది మట్టంగా ఉన్నట్టే. ఇదే మీ పీట.

దాని మీద వేయాల్సింది ల్యాపింగ్ ఫిల్మ్. ప్లాస్టిక్ పొర మీద ఒకే సైజు రేణువులు అతికించి ఉంటాయి. 12, 9, 5, 3, 1, 0.3 మైక్రాన్లు అని సైజు స్పష్టంగా రాసి అమ్ముతారు. మీ ఇంటికి ఇంటర్నెట్ తెచ్చే ఫైబర్ కేబుల్ కనెక్టర్ల కొసలను పాలిష్ చేసేది ఇలాంటి ఫిల్ముతోనే. గాజు కొసను అద్దంలా చేసేదానికి ఉక్కు వాదర ఒక లెక్కా! షీటు ధర వందల్లోనే. ఒక్కో షీటును మూడు నాలుగు పట్టీలుగా కోసుకోవచ్చు. గ్రానైట్ మీద నీళ్లు చల్లి పట్టీ పరిస్తే అతుక్కుంటుంది. కింద గాలి బుడగ ఉండకూడదు, ఉంటే వాదర అక్కడే తగిలి ఫిల్మును చీరేస్తుంది.

12తో మొదలుపెట్టి 5, 3, 1 వరుసలో రండి. వాదర ముందుకు ఉండేలా తోయాలి, చివర్లో వీపు మీద తిప్పి వెనక్కి రావాలి. కత్తి బరువు చాలు, చేతి బరువు వేయొద్దు. మొదటి మెట్టే అసలు మెట్టు. లైటు కింద వాదరను మీ వైపు నిటారుగా పట్టి చూడండి. ఎక్కడైనా తెల్లగా మెరిసిందా, అక్కడ ఇంకా మొద్దుగా ఉన్నట్టు. ఆ మెరుపు పోయేదాకా తర్వాతి పట్టీకి వెళ్లొద్దు. పునాది లేకుండా పై అంతస్తు లేవదు కదా.

అన్నీ అయ్యాక తోలు పట్టీ మీద, ఈసారి వీపు ముందుండేలా, యాభై అరవై సార్లు లాగండి. గడ్డం గీసుకునే ప్రతిసారీ ఈ తోలు పని తప్పదు. అది సరిగ్గా చేస్తే ఫిల్ముతో పని ఎప్పుడో గానీ పడదు.

ఒక్క రాయైనా కొనాలని మనసు లాగితే 1000 గ్రిట్‌ది మంచి కంపెనీది కొనండి. ఏళ్లు వస్తుంది, వంటింటి కత్తులకూ పనికొస్తుంది. మధ్యలో గుంట పడితే రాయి మీద పెన్సిల్‌తో గళ్లు గీసి, గ్రానైట్ ముక్క మీద వాటర్ పేపర్ పరిచి, నీళ్లతో రుద్దండి. గళ్లన్నీ చెరిగిపోతే రాయి మట్టానికి వచ్చినట్టు.

రెండు జాగ్రత్తలు. ‘రేజర్’ పేరుతో మరీ చవగ్గా అమ్మే కొత్త కత్తుల్లో కొన్నిటికి ఉక్కు సరిగ్గా కాల్చి గట్టిపరిచి ఉండదు. వాటికి ఏ రాయి పెట్టినా పదును నిలవదు. రెండోది, మీ కత్తి ఎవరికీ ఇవ్వకండి, ఎవరిదీ వాడకండి. హెపటైటిస్ బి లాంటివి రక్తంతో అంటుకుంటాయి. సెలూన్లలో మార్చే బ్లేడు కత్తులు రావడానికి ఆ భయం కూడా ఒక కారణం.

ఆ మార్పు మంచిదే. కానీ దాంతో పాటు సానరాయి కూడా పొదిలోంచి మాయమైంది. ఒక్క రాయి, ఒక్క తోలుతో ఊరందరికీ గడ్డాలు గీసిన పెద్దాయన మీ ఊళ్లో ఇంకా ఉంటే, ఫిల్ము కొనేముందు ఓసారి వెళ్లి కూర్చోండి. చేతి మీద ఎంత బరువు వేయాలో, కత్తి రాయి మీద నడిచేటప్పుడు చప్పుడు ఎలా మారుతుందో ఆయన చూపిస్తే పది నిమిషాల్లో అర్థమవుతుంది. అది ఏ షాపులోనూ దొరకదు. ఆయన ఉన్నన్నాళ్లే దొరుకుతుంది.