గద్దెలు నిలుచుట యెట్లు?

అరబ్బు జాతులు స్వభావముచేతనే నిరంకుశ పాలనకు తగినవనియు, ప్రజాస్వామ్యము వారికి పొసగదనియు చెప్పువారు నేటికిని కలరు. ఈ వాదము మనకు క్రొత్తది కాదు. భారతీయులు స్వపరిపాలనకు అర్హులు కారని తెల్లదొరలును చిరకాలము వల్లించిరి. జాతిపై నేరము మోపుటకు ముందు, ఆ పాలకులు గద్దెలను నిలుపుకొను విధమును విచారింపవలసియున్నది.

మొదటి ఆధారము ఖడ్గము. కుట్రచే గద్దె నెక్కినవానికి కుట్ర యన్ననే భయము మెండు. 1970లో సైనికబలముతో సిరియాను వశపరచుకొనిన హాఫిజ్ అల్ అసద్, ముఖ్య దళముల నాయకత్వమును తన అలవీ తెగవారికిని, బంధువులకును అప్పగించెను. ఒకదానిపై నొకటి కన్నువేసి యుండునట్లు పలు గూఢచారి శాఖలను నడపెను. 1982లో హమా పట్టణము తిరుగబడగా, అందు పెక్కు పేటలను ఫిరంగులతో నేలమట్టము గావించిరి. వేలకొలది జనులు హతులైరి. ఆ భయము దేశమును దాదాపు 30 యేండ్లు మూగగా నుంచెను.

రెండవది శాసనము. నిరంకుశుడు శాసనమును ధిక్కరించునని తలతుము. నిజమునకు తనకు వలసినట్లు వ్రాయించుకొనును. సిరియాలో 1963లో విధింపబడిన అత్యవసర శాసనము 2011 వరకును, ఈజిప్టులో 1981లో సాదత్ హత్యానంతరము విధింపబడినది 2012 వరకును అమలునందుండెను. 2000 జూనులో హాఫిజ్ మరణించిన దినముననే, అధ్యక్షునకు 40 యేండ్లుండవలెనను నిబంధనను 34కు తగ్గించిరి. కుమారుడు బషర్ వయస్సు సరిగా నంతయే! ఇక ఎన్నికల మాట: 2002లో ఇరాకున సద్దాం హుసేనునకు నూటికి నూరు వోట్లు వచ్చెనని ప్రకటించిరి. ఆరు మాసములలో పరదేశ సైన్యము బాగ్దాదు చొచ్చినపుడు, ఆ నూరును ఎక్కడ నుండెనో!

మూడవది ధనము. శిస్తు కట్టు రైతు లెక్క యడుగును. దానము పుచ్చుకొనువాడు నోరెత్తడు. నూనె బావులున్న ప్రభువులకు ప్రజల శిస్తుతో పనిలేదు. 2011లో పొరుగు దేశములు అట్టుడికినపుడు, సౌదీరాజు అబ్దుల్లా ఇండ్లకును, జీతములకును, ఉద్యోగములకును సుమారు 13,000 కోట్ల డాలర్లు ప్రకటించెను.

నాల్గవది పరదేశ సాహాయ్యము. స్వాతంత్ర్యమును కీర్తించు అమెరికాయే ఈజిప్టు సైన్యమునకు 1980ల నుండి ఏటేట సుమారు 130 కోట్ల డాలర్లు కేటాయించుచు వచ్చెను. 2011 మార్చిలో బహ్రెయిను ప్రజలు హక్కులు కోరగా, సౌదీ దళములు వంతెన దాటి వచ్చి ప్రభువునకు అండ నిలిచెను. 2015లో రష్యా విమానములు బషరును కాచెను.

ఈ నాలుగింటిలో ఖడ్గమే మూలము. 2011 జనవరిలో ట్యునీషియా సైన్యము తోడు నిలువనందున, 23 యేండ్లు ఏలిన బెన్ అలీ పరారి యయ్యెను. సిరియాలో సైన్యము ప్రజలపై తుపాకి నెత్తెను. లక్షలకొలది జనులు మడిసిరి. కాని పరదేశ మిత్రులు తమ యుద్ధములలో చిక్కుకొని, చాలీచాలని జీతముల సైనికులు పోరాడ నిచ్చగింపనపుడు, 54 యేండ్ల వంశపాలన రెండు వారములైనను నిలువలేదు. 2024 డిసెంబరు 8వ తేదీన బషర్ మాస్కోకు పారిపోయెను. భయముతో కట్టిన కోట కూలుదినము వరకును దృఢముగనే కనబడును.

అట్లని ప్రభువు పోయినంతనే స్వాతంత్ర్యము వచ్చునని భ్రమింపరాదు. 2011లో ముబారక్ తొలగెను, సైన్యము తొలగలేదు. 2013లో, ఎన్నికైన అధ్యక్షుని ఆ సైన్యమే పదవీచ్యుతుని చేసెను. ట్యునీషియాలో, 2021లో, ప్రజలెన్నుకొనిన అధ్యక్షుడే శాసనసభను స్తంభింపజేసెను. వ్యక్తి మారినను యంత్రము మారలేదు.

కావున లోపము అరబ్బుల రక్తమున లేదు. లెక్క చెప్పని ఖజానాయందును, శాసనమునకు లోబడని సైన్యమునందును, గడువులేని అత్యవసర పాలనయందును ఉన్నది. అట్టి పాలన 1975లో మన దేశమునకును వచ్చెను. 21 మాసములకు తొలగెను. 1977లో ప్రజల చేత వోటుండెను గనుకనే ఆ ప్రభుత్వమును దింపగలిగిరి. ఆ వోటును నిజముగా లెక్కించు సంస్థలను కాపాడుకొనుటయే ప్రజల మొదటి ధర్మము. గద్దె నెక్కినవాడు మంచివాడని నమ్మి ఆ కావలిని విడిచిన జాతికి, ఏ ఖండమునందైనను, ఇదే గతి.