ఫలం సత్యమా, సత్యానికి పరీక్షా? – గోరా నాస్తికవాదం, ప్రాగ్మాటిజం

ప్రాగ్మాటిజాన్ని తెలుగులో ‘ప్రయోజనవాదం’ అని వ్యవహరించడం వల్ల ఆ తత్త్వానికీ మన పరిశోధనకూ కూడా అపకారం జరిగింది. ప్రయోజనం అనగానే లాభం స్ఫురిస్తుంది. లాభం నుంచి అవకాశవాదానికి ఎంతో దూరం లేదు. ‘పనికివచ్చేదే సత్యం’ అన్న వాక్యాన్ని ఆ తత్త్వసారంగా చూపి, దానిని సులువుగా ఖండించి ముందుకు సాగడం విమర్శలో పరిపాటి అయింది. అక్కడ ఖండితమైనది అనువాదమే గాని మూలం కాదు. ఈ అవగాహనాలోపం కృష్ణా డెల్టా నాస్తిక సాహిత్యాన్ని మనం అంచనా వేసే తీరును సైతం దెబ్బతీస్తున్నదని ఈ వ్యాసం ప్రతిపాదన.

మూలం చెప్పినదేమిటి? ఒక భావం నిజమైతే అనుభవంలో ఏ భేదం కలగాలో అడిగినప్పుడే దాని అర్థం స్పష్టమవుతుందని చార్లెస్ పర్స్ 1878లో ప్రతిపాదించాడు. విచారణను ఎంత దూరం కొనసాగించినా చెక్కుచెదరక నిలిచే నిర్ణయమే ఆయన దృష్టిలో సత్యం. ఇందులో ఏ ఒక్కరి సౌకర్యానికీ చోటు లేదు. తన మాట ఇతరుల చేతుల్లో పక్కదారి పట్టిందని 1905లో ఆయన తన సిద్ధాంతానికి ‘ప్రాగ్మాటిసిజం’ అని పేరే మార్చుకున్నాడు. 1907 నాటి గ్రంథంలో విలియం జేమ్స్ సత్యాన్ని నమ్మకం వల్ల కలిగే మేలుతో ముడిపెట్టాడు. అపార్థానికి ఆయన బాధ్యత కొంత ఉన్నదని అంగీకరించవలసిందే. అయితే ఒక్క జేమ్స్ వాక్యాన్ని పట్టుకొని పర్స్‌ను, డ్యూయీని కూడా తోసిపుచ్చడం న్యాయం కాదు.

ఇది మనకు పరాయి ఆలోచన అనే ఆక్షేపణ కూడా నిలవదు. న్యాయభాష్యారంభంలోనే వాత్స్యాయనుడు ప్రవృత్తి సామర్థ్యాన్ని ప్రస్తావించాడు. దూరాన నీరు కనిపించింది. అది ఎండమావి కావచ్చు. దగ్గరకు వెళ్లి తాగితే దాహం తీరింది. కనుక ముందు కలిగిన జ్ఞానం యథార్థమని అనుమితి. ఇక్కడ నైయాయికులు ఒక భేదాన్ని జాగ్రత్తగా కాపాడారు: ఉన్నదానిని ఉన్నట్లు తెలుసుకోవడం యథార్థత; సఫల ప్రవృత్తి దానిని గుర్తించే లింగం. దాహం తీరడం నీటి జ్ఞానానికి పరీక్షే తప్ప సత్యలక్షణం కాదు. జేమ్స్ చెరిపిన గీత ఇదే. తర్కసంగ్రహం చదివినవారు ప్రాగ్మాటిజాన్ని ఈ గీత ఆధారంగా విమర్శించి ఉంటే, ఆ విమర్శకు బలం ఉండేది.

ఇక గోరా విషయం. వృక్షశాస్త్ర అధ్యాపకులైన గోపరాజు రామచంద్రరావు 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రాన్ని స్థాపించారు; 1947లో అది విజయవాడ పటమటకు తరలింది. ఆ కేంద్రం నిర్వహించిన నిప్పులపై నడక ప్రదర్శనలను ‘దేవుడు లేడని శాస్త్రీయ నిరూపణ’గా కొందరు కీర్తిస్తారు, ‘జనాకర్షణ’గా మరికొందరు కొట్టిపారేస్తారు. ఇద్దరూ పరీక్ష స్వరూపాన్ని గమనించలేదు. కాలకుండా కాపాడేది భక్తి అయితే, భక్తి లేనివాని పాదాలు కాలాలి. అవి కాలలేదు. కనుక కారణం భక్తి కాదు. బొగ్గు ఉష్ణాన్ని మందంగా ప్రసరింపజేయడం, పాదం తాకి ఉండే కాలం స్వల్పం కావడం కారణాలు. ఆ ప్రయోగం తేల్చింది ఇంతే. ఈశ్వరాస్తిత్వం గురించి అది ఏమీ తేల్చలేదు. పరీక్షించిన ప్రతిపాదనను మించి ఒక్క అడుగు ముందుకు వేసినా ‘శాస్త్రీయం’ అన్న మాట అలంకారమైపోతుంది.

గోరా ప్రధాన వాదం మరింత సూక్ష్మమైనది. నాస్తికత్వం మనుషులను మతకుల భేదాలు లేని మనుషులుగా నిలుపుతుందని, అస్పృశ్యతను తుడిచివేస్తుందని ఆయన గాంధీతో వాదించారు. ఎవరి మార్గం సరియైనదో ఫలితాలే తేల్చాలని, అప్పుడు ఒకరు మరొకరి దారికి రావచ్చునని, లేదా ఇద్దరూ మూడో దారి పట్టవచ్చునని గాంధీ సమాధానమిచ్చినట్లు 1951లో వెలువడిన ‘యాన్ ఎథీయిస్ట్ విత్ గాంధీ’లో గోరాయే నమోదు చేశారు. ఈ సంభాషణను మనం మర్యాదపూర్వకమైన రాజీగా చదువుతూ వచ్చాం. వాస్తవానికి ఇద్దరూ తమ తమ నిశ్చయాలను ఆచరణ అనే ఉమ్మడి పరీక్షకు అప్పగించడమే ఇందులో విశేషం. మూడో దారికి చోటు విడిచిన నమ్మకమే విచారణ అనిపించుకుంటుంది.

అయితే ఇక్కడే గోరాను కూడా ప్రశ్నించాలి. సహపంక్తి భోజనాలు, కులాంతర వివాహాలు నాస్తికత్వ ఫలాలు కనుక నాస్తికత్వం సత్యం అంటే, భక్తి వల్ల అస్పృశ్యతను విడిచినవాడు తన భక్తికీ అదే ప్రమాణం చూపగలడు. ఒకే ఫలం రెండు విరుద్ధ సిద్ధాంతాలకు సాక్ష్యమైతే, అది వాటిలో ఏ ఒక్కదానినీ నిర్ధారించలేదు. నైయాయికుల పరిభాషలో ఇది వ్యభిచరించిన హేతువు. ఫలితాలు నిరూపించినది ఒక్కటే: దైవనమ్మకం లేకుండా నీతిమయ సామాజిక జీవనం సాధ్యమే. ఆ కాలంలో అదేమీ చిన్న నిర్ధారణ కాదు. దానిని పెంచి చెప్పడం వల్ల గోరాకు కొత్తగా గౌరవమేమీ చేకూరదు.

‘ఆచరణ ఎప్పుడూ అసంపూర్ణమే, దానిపై సత్యాన్ని నిలపడం సాపేక్షతావాదం కాదా?’ అని అడగవచ్చు. నిర్ణయం సవరణకు లోబడి ఉండటం వేరు, ఎవరి సత్యం వారిదనడం వేరు. మొదటిది విజ్ఞానశాస్త్ర ధర్మం; రెండవది విచారణను చంపుతుంది. 1938లో డ్యూయీ సత్యానికి మారుగా విచారణ హామీ ఇచ్చిన నిర్ణయం గురించి మాట్లాడినది ఈ భేదం కోసమే.

కనుక ‘ప్రయోజనవాదం’ అన్న పేరును విడిచి, ‘ఫలపరీక్షావాదం’ అని వ్యవహరించాలని ఈ వ్యాసకర్త సూచన. పేరు మారితే చాలదు. ‘శాస్త్రీయ దృక్పథం’ అన్న విశేషణాన్ని రచయితకు బిరుదుగా కట్టబెట్టే ప్రతి సిద్ధాంత గ్రంథం మూడు ప్రశ్నలకు సమాధానం చెప్పాలి: ఆ రచయిత ఏ ప్రతిపాదనను పరీక్షకు పెట్టాడు? ఏ ఫలితం వస్తే దానిని విడిచేవాడు? వచ్చిన ఫలితం మరో సిద్ధాంతానికి కూడా సరిపోదా? వీటికి జవాబు లేనిచోట ‘శాస్త్రీయం’ అన్నది ప్రశంసే తప్ప పరిశోధనా నిర్ణయం కాజాలదు.