బండి కడిగితే సర్వీసింగ్ అయిపోయినట్టేనా?

మిన్నెసోటాలో ఉంటున్న మా పాత టీమ్‌మేట్ ఒకాయన ఈ చలికాలం సెకండ్ హ్యాండ్ ఏటీవీ ఒకటి కొన్నాడు. అదేలెండి, నాలుగు లావుపాటి టైర్లేసుకుని బురదలో, మంచులో తిరిగే బండి. కొన్న సంబరంలో శుభ్రంగా ప్రెషర్ వాషర్‌తో కడిగి షెడ్డులో పెట్టాడు. తెల్లారి చూస్తే యాక్సిలరేటర్ కేబుల్, వెనక బ్రేకు కేబుల్ రెండూ బిగుసుకుపోయాయి. మా గ్రూపులో అడిగాడు. ఇక చూస్కోండి సలహాల వర్షం! వేడినీళ్ళు పొయ్యమని ఒకడు, హెయిర్ డ్రయ్యర్ పెట్టమని ఒకడు, గట్టిగా నాలుగుసార్లు గుంజితే అదే వస్తుందని ఇంకొకడు. అందరూ ఇంజనీర్లే. కేబుల్ లోపలికి నీళ్ళెలా వెళ్ళాయని మాత్రం ఒక్కడూ అడగలేదు. సర్వర్ పడిపోతే రీస్టార్ట్ కొట్టి టికెట్ మూసేసే జాతి కదా మనది.

చలికి గడ్డకట్టింది కేబుల్ కాదండీ, అందులో చేరిన నీళ్ళు. 1896లో ఎర్నెస్ట్ బౌడెన్ పేటెంట్ తీసుకున్న ఏర్పాటు ఇది. బయట స్ప్రింగులా చుట్టిన ఉక్కు గొట్టం, దాని మీద ప్లాస్టిక్ తొడుగు, లోపల సన్నటి పోగులతో పేనిన తీగ. గొట్టం కదలదు, తీగ జారుతుంది. సైకిల్ బ్రేకు దగ్గర్నుంచి స్ప్లెండర్ క్లచ్ దాకా అన్నిట్లోనూ ఇదే. గొట్టానికీ తీగకీ మధ్య ఉండే సందు చాలా తక్కువ. లివర్ దగ్గరుండే రబ్బరు తొడుగు చిరిగినా, పైన ప్లాస్టిక్ పగిలినా నీళ్ళు అక్కణ్ణుంచి దిగి, కేబుల్ ఎక్కడ కిందికి వంగితే అక్కడ నిలబడతాయి. మిన్నెసోటాలో అయితే అవి రాత్రికి రాత్రి ఐసు అవుతాయి.

మా గద్వాలలో తుప్పు అవుతాయి. తేడా అంతే.

నమ్మరా? గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, ఈ మూడు జిల్లాల్లో నీళ్ళు గడ్డకట్టేంత చలి ఎవరూ ఎరగరు. అయినా ఏ మెకానిక్ షెడ్డుకెళ్ళినా "కేబుల్ పట్టేసింది" అనే బండి ఒకటి ఉంటుంది. మా నడిగడ్డలో పత్తి విత్తనం చేలకి, వనపర్తి వైపు వేరుశనగ చేలకి, అమ్రాబాద్ పైన అడవి దారుల్లో పెంటలకి తిరిగేది ఏటీవీలు కాదు, టీవీఎస్ ఎక్సెల్‌లూ స్ప్లెండర్లూ. మాకు అవే ఏటీవీలు. యూరియా బస్తా, పాల క్యాన్లు, పిల్లోడు, అన్నీ దాని మీదే. వానాకాలమంతా ఆలంపూర్ వైపు నల్లరేగడి బురద, ఎండాకాలం ఎర్ర దుమ్ము. అవి చాలవన్నట్టు మనం దసరాకి ఊరికి దిగుతాం.

దిగగానే చేసే మొదటి పని ఏంటి? నాన్న బండిని రోడ్డు మీద "వాటర్ సర్వీసింగ్ చేయబడును" బోర్డు దగ్గరికి తోలడం. వాడు ఆ నాజిల్‌ని నేరుగా హ్యాండిల్ మీద, కేబుళ్ళ మొదళ్ళ మీద పెట్టి కొడతాడు. బయటి బురద పోతుంది, లోపలికి నీళ్ళు పోతాయి. తర్వాత మెరుపు కోసం డీజిల్ కొడతాడు. డీజిల్‌కి రబ్బరు ఉబ్బుతుంది, చీలుతుంది, దుమ్మంతా దానికే అంటుకుంటుంది. దీనికి మనం పెట్టుకున్న పేరు సర్వీసింగ్! నాన్న బండి తళతళలాడుతుంటే ఫోటో తీసి పెట్టి, రెండోరోజు హైదరాబాద్ బస్సెక్కేస్తాం. మూడు వారాలకి "క్లచ్ గట్టిగైంది బిడ్డా" అని ఫోనొస్తే, "పాత బండి కదా నాన్నా, కొత్తది కొందాంలే" అంటాం.

ఆయన ఊళ్ళో మెకానిక్ దగ్గరికెళ్తే కాలిన ఇంజనాయిల్ పోస్తాడు. అందులో ఉండే ఇనుప రజను, మసి, పైనుంచి పడే దుమ్ము కలిసి సాన పట్టినట్టు తీగని అరగదీస్తాయి. ఒక్కో పోగే తెగుతుంది.

క్లచ్ అయితే బండి తోసుకుంటూ వస్తాడు. యాక్సిలరేటర్ వదిలాక వెనక్కి రాకపోతే? పెబ్బేరు దగ్గరో బీచుపల్లి దగ్గరో ఊరి రోడ్డు నుంచి 44వ నంబరు హైవే ఎక్కేటప్పుడు బ్రేకు అందకపోతే? 125 సీసీ లోపు బళ్ళకి సీబీఎస్ అయినా ఏబీఎస్ అయినా ఉండాల్సిందేనని 2019 ఏప్రిల్‌లో రూలు వచ్చింది. సీబీఎస్ అంటే ఒక బ్రేకు తొక్కితే రెండు చక్రాలకీ పడాలి. డ్రమ్ బ్రేకుల బళ్ళలో ఆ పని చేసేది మళ్ళీ కేబులే. అది తుప్పు పట్టి కూర్చుంటే సీబీఎస్ అనేది స్టిక్కర్ మీద మాత్రమే మిగుల్తుంది. కేబుల్ ఖరీదు చూస్తే మనం ఆఫీసు పక్కన తినే బిర్యానీ అంత!

"ఎలక్ట్రిక్ బళ్ళొస్తున్నాయిగా, ఇంకా ఈ గోలేంటి" అనకండి. వాటిల్లోనూ డ్రమ్ బ్రేకు ఉన్నవాటికి కేబులే.

మా మిన్నెసోటా మిత్రుడికి నేను చెప్పింది ఇదీ. వేడినీళ్ళు పొయ్యకు, అవీ లోపలికెళ్ళి మళ్ళీ గడ్డకడతాయి. గుంజకు, పోగులు తెగుతాయి, లేదా యాక్సిలరేటర్ తెరుచుకుని అలాగే ఉండిపోతుంది. వెచ్చటి గ్యారేజీలో పెట్టి కరగనివ్వు. కేబుల్ విప్పి, గాలి కొట్టి, ఆరబెట్టి, చలికి చిక్కబడని పల్చటి కేబుల్ ఆయిల్ పట్టించు. డబ్ల్యూడీ-40 నీళ్ళని తోసేస్తుంది గానీ ఆయిల్‌లా నిలబడదు, దాంతో ఆపేయకు. చిరిగిన తొడుగు మార్చు. ఇంజన్ స్టార్ట్ చేసేముందు హ్యాండిల్ ఆ చివర నుంచి ఈ చివరకి తిప్పి చూడు, రెండు వైపులా యాక్సిలరేటర్ వదలగానే టక్కున వెనక్కి రావాలి.

గద్వాలలోనూ ఇంతే, కరగబెట్టడం ఒక్కటి మినహాయించి. పాతకాలం మెకానిక్కులు కేబుల్ విప్పి గోడకి వేలాడదీసి, పై చివర పాలిథిన్ కవర్ గరాటులా కట్టి, కొత్త ఆయిల్ పోసి రాత్రంతా వదిలేసేవాళ్ళు. కింద నుంచి నల్లటి చుక్కలు పోయి తేట ఆయిల్ కారేదాకా. (లోపల నైలాన్ పూత ఉన్న కేబుళ్ళకి కొన్నిటికి ఆయిల్ వద్దంటారు, మాన్యువల్ చూసుకోండి.) ఇప్పటివాళ్ళకి రాక కాదు, అడిగేవాళ్ళు లేక చెయ్యట్లేదు. మనం డబ్బులిచ్చేది మెరుపుకి కదా.

ఈసారి ఊరికెళ్ళినప్పుడు బండి కడిగించక తప్పకపోతే పక్కనే నిలబడండి. నాజిల్ హ్యాండిల్ వైపు తిప్పగానే "అన్నా, అటు కొట్టకు" అనండి. వింతగా చూస్తాడు. చూడనివ్వండి.