ఎఫ్‌ఎం పాటల మధ్య మన కబురు ఎక్కడ?



ఆరో తరగతిలో ట్రంకుపెట్టెతో ఈ హాస్టల్లో అడుగుపెట్టాను. ఇప్పుడు పీజీ చదువుతున్నాను. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ణి నేనే. ఇన్నేళ్లూ మన గదుల్లో పుస్తకాలతో పాటు ఉన్న తోడు ఎఫ్‌ఎం రేడియో. బటన్ ఫోనుకు ఇయర్‌ఫోన్ తగిలిస్తే చాలు, ఆ వైరే ఏరియల్. ఇద్దరం చెరొక చెవిలో పెట్టుకుని పాటలు విన్నవాళ్లం.

డిగ్రీ రెండో సంవత్సరంలో స్కాలర్‌షిప్ రెన్యువల్ ఆఖరు తేదీ దాటిన మూడు రోజులకు నాకు తెలిసింది. ఆ వారమంతా మా గదిలో ఎఫ్‌ఎం మోగుతూనే ఉంది. ఏ సినిమా ఎప్పుడు విడుదలో, ఏ నగల దుకాణంలో తగ్గింపు ఎప్పటివరకో నోటికి వచ్చు. నాకు కావలసిన తేదీ మాత్రం చెవిన పడలేదు. ఆ ఏడు ఫీజు కోసం నాన్న వడ్డీకి అప్పు తెచ్చాడు.

"నోటీసుబోర్డు చూసుకోవాల్సింది నువ్వే కదా" అన్నారు. నిజమే. కానీ గాలిలోని తరంగాలు ప్రజల ఆస్తి అని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ ప్రజల్లో మనమూ ఉన్నాం కదా?

ఒక్కసారి చరిత్ర చూద్దాం. 1999లో ప్రభుత్వం 40 నగరాల్లో 108 ఫ్రీక్వెన్సీలను ప్రైవేటువారికి ఇవ్వడానికి సిద్ధపడింది. లాభం వచ్చినా రాకపోయినా లైసెన్సు ఫీజు ఏటా 15 శాతం పెరిగేది. చాలామంది వెనక్కి తగ్గారు. చివరకు నడిచినవి 21 స్టేషన్లే. 2005లో ఆదాయంలో 4 శాతం కడితే చాలన్నారు. ఆ తర్వాతే, 2006లో, హైదరాబాదులో ప్రైవేటు ఎఫ్‌ఎంలు వరుసగా వచ్చాయి.

దేశంలో మొదటి ప్రైవేటు ఎఫ్‌ఎం రేడియో సిటీ 2001 జూలై 3న బెంగుళూరులో మొదలైంది. తొలిరోజుల్లో ఇంగ్లీషు, హిందీ, కన్నడ పాటలు కలిపి వేసేది. పోటీ పెరిగాక కన్నడానికి పెద్దపీట వేసింది. శ్రోతలు ఎటు ఉంటే ప్రకటనలు అటు, ప్రకటనలు ఎటు ఉంటే పాటలు అటు. అంటే కార్యక్రమాల తీరు రాతిమీద రాత కాదు. శ్రోతలను బట్టి మారుతుంది.

ప్రైవేటు ఎఫ్‌ఎంలు సొంతంగా వార్తలు చెప్పకూడదన్నది నిబంధన. కానీ 2011 నాటి విధానం పరీక్షలు, ఫలితాలు, అడ్మిషన్లు, ఉద్యోగావకాశాల సమాచారాన్ని వార్తల కింద లెక్కించలేదు. చెప్పుకోవచ్చని స్పష్టంగా అనుమతి ఇచ్చింది. అనుమతి ఉన్నా చెప్పడం లేదంటే కారణం ఒకటే. మనం నగలు కొనేవాళ్లం కాదు, కార్లు కొనేవాళ్లం కాదు. వాళ్ల లెక్కలో మనం లేము.

అందుకే నా అభిప్రాయం చెబుతున్నాను. ప్రతి స్టేషనూ సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు ఐదు నిమిషాలు విద్యార్థుల తేదీలకు కేటాయించాలి. పాటలు వద్దనడం లేదు. పాట కోరుతూ ఫోను చేసే మనం ఈసారి ఆ ఐదు నిమిషాలు కోరుతూ చేద్దాం. ప్రతి గది నుంచీ ఒక ఉత్తరం రాద్దాం. ఉద్యోగాల్లో, వ్యాపారాల్లో స్థిరపడిన పూర్వ విద్యార్థి అన్నలారా, అక్కలారా! ఎఫ్‌ఎంలో ప్రకటన ఇచ్చే స్తోమత మీలో కొందరికి ఉంది. ఇచ్చేటప్పుడు మన హాస్టల్ తమ్ముళ్ల కోసం, చెల్లెళ్ల కోసం ఈ ఒక్క మాట అడగండి. ఇంకో తండ్రి వడ్డీకి అప్పు తేకుండా చూద్దాం.