రెండు రాయబారాలు

పల్నాడులోని కారెంపూడిలో కార్తీక అమావాస్యకు మొదలయ్యే వీరారాధనలో ఐదు రోజులకు ఐదు పేర్లు: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు. రెండో రోజు, పల్నాటి వీరుల కథ పాడే వీరవిద్యావంతుల నోట వినిపించేది అలరాజు రాయబారం. మాచర్ల పక్షాన సంధి మాట్లాడటానికి గురజాల బయల్దేరిన అలరాజు ప్రాణాలతో తిరిగి రాడు. చర్లగుడిపాడులో విషప్రయోగానికి బలవుతాడు. అదే పల్నాడులో తిరునాళ్ల రాత్రి పద్యనాటకం పెట్టి, మైకులో ‘రాయబారం’ అని చెప్పారంటే జనం ఎదురుచూసేది తిరుపతి వేంకట కవుల కృష్ణుడి కోసం. పేరు ఒక్కటే, కథలు రెండు. ఇది ఏ రాయబారం అని అడిగినవాళ్లను నేను చూడలేదు.

నాకు ఇందులో ముఖ్యంగా కనిపించేది మరొకటి ఉంది. అలరాజు రాయబారం కృష్ణుడి రాయబారం మీద తెలిసే ఆనుకుంది. పల్నాటి కథంతా భారతం వెంట నడుస్తుంది. జూదం చోట కోడిపందెం, ఓడినవాళ్లకు వలస, విష్ణు అంశగా మాచర్ల పక్షపు మంత్రి బ్రహ్మనాయుడు. కాబట్టి రాయబారం అనగానే వినేవాడికి కౌరవసభ గుర్తుకొస్తుంది. అక్కడ వెళ్లినవాడు దేవుడు. బంధించబోతే విశ్వరూపం చూపి క్షేమంగా తిరిగొచ్చాడు. ఇక్కడ వెళ్లినవాడు గురజాల రాజు నలగామరాజుకు స్వయానా అల్లుడు. మామగారి ఊరికి మాటకోసం వెళ్లిన కుర్రవాడికి చూపడానికి విశ్వరూపం లేదు. పాత పేరు మనసులో మెదులుతూ ఉండబట్టే ఈ చావు అంతగా తగులుతుంది. వేరే పేరు పెడితే ఆ దెబ్బ సగం తగ్గేది.

ఈ సంగతి ఇప్పుడు ఎత్తడానికి కారణం ఉంది: ఫోన్లో రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టే పాటల కాలం ఇది. నరసరావుపేట, మాచర్ల పిల్లలు కూడా పాటలు కడుతున్నారు. పల్లవి కుదరగానే వెతికితే ఆ మాటలతో ఇంకో పాట అప్పటికే ఉంటుంది. ఆ పేరే పెట్టుకోవచ్చా, కూడదా అన్న సందేహం వస్తుంది.

చట్టం వైపు జవాబు చిన్నది. ‘దేశీ బాయ్స్’ పేరు మీద నడిచిన కేసులో, ఉత్త పేరుకు కాపీరైట్ లేదని సుప్రీంకోర్టు 2015లో తేల్చింది. అమెరికాలోనూ పేర్లకు, చిన్న పదబంధాలకు కాపీరైట్ వర్తించదు. అక్కడివాళ్లు ఆ స్వేచ్ఛను ధారాళంగా వాడుకుంటారు. 1984, 85 సంవత్సరాల్లో ‘ది పవర్ ఆఫ్ లవ్’ పేరుతో మూడు వేర్వేరు పాటలొచ్చాయి. ఫ్రాంకీ గోస్ టు హాలీవుడ్ పాట, జెనిఫర్ రష్ పాట బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరితే, హ్యూయీ లూయిస్ బృందం పాట అమెరికాలో చేరింది. ఒకదాని బాణీ ఇంకోదానిలో లేదు. ఒకరి దారికి ఒకరు అడ్డం రాలేదు.

ఆ ధైర్యాన్ని యథాతథంగా మనం తెచ్చుకుంటే చిక్కే. వాళ్ల పాటకు పేరు వేరుగా పెడతారు. పాటలో ఆ మాట ఎక్కడో వస్తుంది, ఒక్కోసారి రానే రాదు. మన పాటకు విడిగా పేరు లేదు. పల్లవి ఎత్తుగడే దాని పేరు, ఆ ఎత్తుగడకు బాణీ అతుక్కుని ఉంటుంది. ‘మళ్ళీ మళ్ళీ ఇది రాని రోజు’ అన్న పేరును 2015లో ఒక సినిమాకు పెడితే, ‘రాక్షసుడు’ (1986) చూసినవాళ్ల చెవిలో ఇళయరాజా మోగక తప్పదు. పేరు తీసుకుంటున్నామనుకుంటాం, నిజానికి రాగాన్నీ, పాడినవారి గొంతునూ, పాట విన్న వయసునూ కలిపి తీసుకుంటున్నాం.

అందుకే మనకు పనికొచ్చే పాఠం అమెరికాలోకంటే పాత జపాన్‌లో ఎక్కువ ఉంది. ఫుజివారా నో తెయిక (1162–1241) అనే కవి, పాత పద్యంలోని మాటలు ఎత్తుకుని కొత్త పద్యం అల్లే పద్ధతికి కొలతలు చెప్పాడు. దాన్ని హొంకాదొరి అంటారు. వాళ్ల వాకా పద్యానికి ఐదు పాదాలు. పాతదాని నుంచి రెండు పాదాలు, ఆపైన మూడు నాలుగు అక్షరాలు మించి తీసుకోకూడదు. విషయం మార్చాలి: పాత పద్యం వసంతం గురించైతే కొత్తది ప్రేమ గురించో మరోదాని గురించో కావాలి. మూడోది నాకు అన్నిటికంటే నచ్చింది. తన కాలపు కవుల మాటలు, గడిచిన డెబ్భై ఎనభై ఏళ్లలోని కవుల మాటలు ముట్టుకోకూడదు. అందరి జ్ఞాపకంలో ఇంకిపోయిన పద్యాన్నే తాకాలి. వినేవాడికి పాతది తెలిసి ఉండాలి, తెలిసినవాడికి కొత్తది కనిపించాలి.

మూడో నియమాన్ని మనం పూర్తిగా తిరగేశాం. మన సినిమా నిన్నమొన్నటి హిట్‌నే పట్టుకుంటుంది. 2022లో మాచర్ల పేరుతోనే వచ్చిన ‘మాచర్ల నియోజకవర్గం’ పాటలో, అదే హీరో ‘జయం’ (2002) నాటి పల్లవి ముక్క బాణీతో సహా తిరిగొచ్చింది. హాల్లో ఈలలు పడే పాటే, ఆ సంబరాన్ని నేను కాదనను. కానీ ఆ ముక్క కొత్త చోటికి ఏమీ మోసుకురాలేదు, ఎక్కడినుంచి వచ్చిందో మళ్లీ అక్కడికే తీసుకెళ్లింది. మాచర్ల పేరు పెట్టుకున్న కథకు పాత మాట కావాలంటే చెన్నకేశవుడి గుడి చుట్టూ ఎన్ని లేవు!

సరిగ్గా తీసుకున్నవాళ్లు మనలో లేకపోలేదు. త్యాగరాజు ‘నగుమోము’ అని రెండు కృతులు ఎత్తుకున్నాడు. ‘నగుమోము గనలేని’ ఆభేరిలో కనిపించని ముఖం కోసం పడే ఆరాటం, ‘నగుమోము గలవాని’ మధ్యమావతిలో ఆ ముఖాన్ని తలచుకుని మురిసిపోవడం. మొదటి మాట ఒకటే అయినా రాగం వేరు, మనసు వేరు. వినుకొండవాడు జాషువా ‘గబ్బిలం’లో కాళిదాసు కావ్యం పేరు తీసుకోలేదు, సందేశం పంపే దారి తీసుకున్నాడు. యక్షుడి విరహాన్ని మేఘం మోసిన దారిలో, గుడిలోకి రానివ్వని మనిషి ఆకలిని గబ్బిలం చేత కాశీ విశ్వనాథుడి చెవిన వేయించాడు. కాళిదాసు తెలిసినవాడికే అది మరింత మండుతుంది.

కాబట్టి పల్లవి దొరికిన కుర్రవాడు ముందుగా చూసుకోవలసింది కోర్టును కాదు. ఆ మాటలు నలుగురి ముందు ఉత్తినే చదివి చూడాలి. వాళ్లు పాత బాణీలో అందుకుంటే, తన రెండో చరణం వాళ్లను అక్కడినుంచి పక్కకు తిప్పగలదా అని తనను తాను ప్రశ్నించుకోవాలి. తిప్పలేకపోతే ఆ పేరు వదిలేయడమే మేలు.

తిప్పగలిగితే పల్నాడులో పేర్లకు కొదవ లేదు. నాకు ఒకటి ఎప్పటినుంచో తోస్తోంది: మందపోరు. కారెంపూడిలో అందరూ ఒకే చాప మీద కూర్చుని చాపకూడు తినే రోజు పేరు అది. బ్రహ్మనాయుడి ఆవులమందను కాపాడుతూ లంకన్న ప్రాణం విడిచిన కథ. ఆ తర్వాత ఏడు వందల ఏళ్లు దాటాక, అడవిలో పశువులు మేపుకోవడానికి పుల్లరి కట్టనన్న మించాలపాడు కన్నెగంటి హనుమంతు 1922 ఫిబ్రవరి 22న తెల్లవాళ్ల తుపాకులకు నేలకొరిగాడు. అదీ మందకోసం జరిగిన పోరే. హనుమంతు మీద ఎవరైనా కొత్తగా పాట కడితే దానికి ‘మందపోరు’ అనే పేరు పెట్టమని అడుగుతాను. బాణీ మాత్రం వీరవిద్యావంతులది తీసుకోవద్దు.